బొంబాయికి గంటన్నర

మొగుడు మైసయ్య ముఖాన్ని జంగమ్మ ఆఖరుసారి చూసింది కోస్గి బస్టాండులో, బొంబాయి బస్సు కిటికీలో. తెలంగాణ వచ్చిన మరుసటేడు అది. పాలమూరు కూలీలు అప్పటికీ మూటలు కట్టుకుని అటే పోతున్నారు. ఆ ఎండాకాలమే పరంజా విరిగిపడి మైసయ్య చచ్చిపోయాడు. అతన్ని పనికి తీసుకుపోయిన గుంపు మేస్త్రీ పర్వతాలు మైసయ్య చొక్కా పట్టుకుని వచ్చి, వాడ పెద్దల ముందు నిలబడ్డాడు.

"వదినె, బొంబాయంటే రెండు దినాల తొవ్వ. ఎండకు పీనుగ ఆగది. ఆడనే కాలబెట్టినం."

పెద్దలు తలలూపారు. ఆ వాడలో పీనుగను కాల్చరు, బొంద పెడతారు. ఇంటివాళ్లు కడసారి ముఖం చూసి పిడికెడు మన్ను వేస్తారు. జంగమ్మ చొక్కా మీద మన్ను వేసింది.

తర్వాత ఆమె శంషాబాద్ విమానాశ్రయంలో ఊడ్చే పనికి కుదిరింది. ఒకనాడు సరుకు దిగే గేటు దగ్గర ఒక పెట్టె చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటే, ఏ ఊరి నుంచని అంబులెన్సు డ్రైవరును అడిగింది.

"బొంబాయి నుంచి అమ్మా. పొద్దుగాల పానం పోయిందట."

"గింత జల్ది ఎట్లొచ్చింది?"

"గాలిల గంటన్నరనే గదా."

జంగమ్మ చీపురు ఆపి లెక్క వేసుకుంది. కోస్గి నుంచి శంషాబాద్ బస్సుకే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. పీనుగ ఊరికొస్తే కేసవుతుందని, తన మేస్త్రీతనం పోతుందని పర్వతాలు అంత పని చేశాడన్నమాట. ఆమెకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. ఆ మంటను ఎవరికీ చూపలేదు. పర్వతాలు ఎదురుపడితే బాగున్నావా మరిదీ అని పలకరించేది కూడా.

మొన్న ఎండాకాలం పర్వతాలు తల్లి నాగులమ్మ తెల్లవారుజామున కన్నుమూసింది. ఒక్కగానొక్క కొడుకు బొంబాయిలో ఉన్నాడు. విమానమెక్కుతున్నా, పొద్దు గూకేలోపు వస్తా, అమ్మను ఆపండని ఫోన్ చేశాడు. పొద్దు గూకితే ఆ వాడలో బొంద పెట్టరు. పెద్దమనిషి ఇస్రాయేలు అప్పటిదాకా ఆపుదామన్నాడు.

చావుకు వచ్చిన జంగమ్మ లేచింది. చొక్కా పూడ్చిన నాడు తనను పట్టుకుని ఏడ్చింది నాగులమ్మ ఒక్కతే. అది గుర్తుంది. అయినా లేచింది.

"మామా, బొంబాయి రెండు దినాల తొవ్వని వాడు చెప్తే మీరంత అవునన్నరు. గిప్పుడు పొద్దు గూకేలోపల ఎట్లొస్తడు? వస్తడంటే, నాడు నా మొగని ముఖం మీరందరు కలిసి నాకు చూపియ్యనట్టే. గా మాట గీడ నిలబడి చెప్పుండ్రి, నేను కూసుంట."

తప్పొప్పుకోవడం కంటే పీనుగను లేపడమే సులువనిపించింది పెద్దలకు. ఇస్రాయేలు డప్పులవాళ్లకు సైగ చేశాడు.

పర్వతాలు కారు దిగేసరికి పొద్దింకా ఉంది. బొంద మీద మన్ను తడి ఆరలేదు. చేతులతో తవ్వబోతే నలుగురు పట్టుకుని ఆపారు.

"జరసేపు ఆపితే ఏమైతుండె వదినె? మా యమ్మ ముఖమన్న చూస్తుంటి."

ఆ ఏడుపు వింటుంటే జంగమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. దాన్ని దాచుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

"నీకు ఏడ్వనీకె బొందన్న ఉన్నది. నా మొగన్ని ఏడ కాలబెట్టినవో చెప్పు మరిదీ. గా జాగకు పోయి నేను గూడ ఏడుస్త."

పర్వతాలు నోరు తెరిచాడు. ఎంత ఆలోచించినా అతనికి ఆ చోటు గుర్తు రాలేదు.