గంగక్క కట్టిన దయ్యాల కొంప

ఆర్మూరు బస్టాండు గోడకు ఎవరో పోస్టరు అంటిస్తుంటే ఉడికించిన మైదా లై వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా వేళ్లు జిగటగా అనిపిస్తాయి, ఒంట్లో మొండితనం లేస్తుంది. ఆ మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా వాడలో బట్టలు కుట్టే గంగక్క దగ్గర నేర్చుకున్నాను.

ఎనభైల చివర్లో పదో తరగతి అయిపోయాక ఆమె దగ్గర కుట్టు నేర్చుకునేదాన్ని. ఆమెకు పిల్లలు లేరు. భర్త జబ్బుచేసి ఆ ఇంట్లోనే పోయాడు. నెల తిరక్కముందే ఆయన అన్న, అంటే గంగక్కకు బావ, వాడంతా ఒక మాట తిప్పాడు. తమ్ముడు దయ్యమై ఆ ఇంట్లోనే తిరుగుతున్నాడట. ఒంటరి ఆడమనిషి అక్కడ ఉండటం మంచిది కాదట. నవీపేటలోని పుట్టింటికి ఆమె వెళ్లిపోతే, ఇల్లు తాను చూసుకుంటాడట. ఎంత దయగల మనిషో చూడండి. దయ్యాలింట్లో కుట్టిన రవికె ఎవరు తొడుక్కుంటారు? పసుపు అమ్ముడుపోయి ఇంటింటా కొత్త బట్టలు తీసే రోజుల్లో కూడా ఆమె మిషను మూగబోయింది. మా అమ్మ సైతం నన్ను వెళ్లొద్దంది. నేను రోజూ పోట్లాడి వెళ్లాను.

“దయ్యముంటే నాకెందుకు కనబడ్తలేదే? చూసినోళ్లనొచ్చి జర నాకు చూపియ్యుమను,” అంది గంగక్క. ఏడ్చి ఎర్రబడిన కళ్లతోనే అంది.

దుబాయిలో ఒక ఇంట్లో పనిచేసి వచ్చిన బాల్కొండ మనిషి, అక్కడి పిల్లలు ఆడి పారేసిన చెక్క బొమ్మరింటిని తన బిడ్డకోసం తెచ్చాడు. ఆ బిడ్డ పెద్దదయ్యాక అది అటకెక్కింది. గంగక్క దాన్ని అడిగి తెచ్చుకుంది. గులాబీరంగు గోడలు, పైన మేడ, బుల్లి మెట్లు. ఈ వయసులో బొమ్మలాటేమిటని నేను నవ్వాను. అందరూ చెప్పుకుంటున్న దయ్యాల కొంపను కట్టి చూపిస్తానంది.

లై ఉడికించి గోడలకు నల్ల కాగితం అంటించాం. మెట్లు విరిచి వేలాడదీశాం. దూది పీకి బూజు చేశాం, గుడ్డ పీలికలతో దయ్యం బొమ్మలు చేశాం. పగిలిన గాజు ముక్కలు కిటికీలకు పెట్టి లోపల చిన్న బల్బు వెలిగిస్తే నాకే ఒళ్లు జలదరించింది. ఆ హుషారులో, లోపలి బుల్లి మంచంమీద బావ బొమ్మను కూడా పెడదామా అన్నాను. నేను ఆమె భర్తను బావా అనే పిలిచేదాన్ని. ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

“ఆయనను పెట్ట. ఆయన నన్నెన్నడు భయపెట్టలే.”

నేను నాలుక కరుచుకున్నాను. ఆమె మాత్రం మిగులు గుడ్డల మూటలోంచి నీలం గళ్ల ముక్కొకటి లాగి, అన్నిటికంటే పెద్ద దయ్యానికి చొక్కా కుట్టింది. అది ఎవరి గుడ్డో చూడగానే తెలిసింది. మొన్నటి దసరాకు తన భర్త అన్నకు ఆమె కుట్టిన చొక్కాలోది. ఆ దయ్యాన్ని బొమ్మరింటి తలుపు దగ్గర, గొళ్లెంమీద చెయ్యి వేయించి నిలబెట్టింది.

అంగడి రోజు పొద్దున దాన్ని వీధరుగుమీద పెట్టింది. మొదట పిల్లలు మూగారు. తర్వాత బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పట్టుకొనే వచ్చారు. వాళ్లలో ఒకామె చొక్కాను గుర్తుపట్టి పక్కామెను మోచేత్తో పొడిచింది. ఇక నవ్వులు ఆగలేదు. ఆ నవ్వులు విని ఆ పెద్దమనిషే వచ్చాడు.

“గిదేంది గంగా, అందరి ముంగట?”

“మా ఇంట్ల తిరిగే దయ్యం, బావా. ఉన్నదని నువ్వే చెప్పినవ్ గద. గిప్పుడు దొరికింది.”

తీసెయ్యమన్నాడు. ఆమె గొంతు పెంచలేదు.

“ముందుగాల నా ఇంటిమీదికెల్లి నువ్వు చెయ్యి తీయ్. నేను బొమ్మను తీస్త.”

ఆ గళ్ల చొక్కా ఆయన మళ్లీ తొడుక్కోలేదు. బీడీల ఆడవాళ్లు రవికె గుడ్డలు తెచ్చారు, వాళ్ల వెనకే మా అమ్మ కూడా. గంగక్క చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు నాకూ ఒక కుట్టు దుకాణం ఉంది. ఈ సందు ఆడవాళ్లకు మంచిది కాదని, చీకటి పడితే ఏమైనా కావచ్చని, నా మేలుకోరే మగవాళ్లు అప్పుడప్పుడు వచ్చి చెప్పిపోతుంటారు. నేను శ్రద్ధగా వింటాను. నేను భయపడి వెళ్లిపోతే ఖాళీ అయ్యే ఈ గది వాళ్లలో ఎవరికి కావాలో చూసుకుంటాను. చూసుకొని, మిషను ముందు ఇంకాస్త సర్దుకొని కూర్చుంటాను.