బురదలో పెళ్లిచూపులు

ఆ రోజుల్లో పెళ్లిచూపులంటే సగం పరీక్ష ప్యాంటుదే. కుర్రాడి ఉద్యోగం, బుద్ధీ తరువాత. ముందు ఇస్త్రీ మడత చూసేవాళ్లు. ఎనభైల మొదట్లో, నరసరావుపేటలో ఎరువుల కొట్టు గుమాస్తాగా చేరిన ఏడాదికి నాకు మాచవరం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫొటో చూసి, ఈ అమ్మాయి కాకపోతే ఇక పెళ్లే వద్దనుకున్నాను. ఏప్రిల్ ఎండలో క్రీము రంగు బెల్‌బాటం ప్యాంటు (దర్జీ నాలుగుసార్లు తిప్పించుకుని కుట్టింది) వేసుకుని మా మేనమామతో బస్సెక్కాను.

ఊరు ఇంకా రెండు మైళ్లుందనగా బస్సు పంచరైంది. మామయ్య సీట్లోనే గురక పెట్టాడు. నేను దిగి చూస్తే రోడ్డు పక్కన ఎండిపోతున్న చెరువు, చుట్టూ బురద, ఆ బురద మీద వందలకొద్దీ పిట్టలు. ఒక్కొక్కటీ పిడికెడంతే. పుల్లల్లాంటి కాళ్లతో పరుగు, ముక్కుతో బురదలో ఒక పొడుపు, మళ్లీ పరుగు. అంతలో అన్నీ ఒక్కసారిగా లేచాయి. ఇటు తిరిగితే మట్టిరంగు, అటు తిరిగితే తెల్లటి మెరుపు. తిరగమని వాటికి ఎవరు చెబుతున్నారు? నోరు తెరుచుకుని, ఇంకొంచెం దగ్గరగా చూద్దామని నడిచాను. పైన నెర్రెలిచ్చిన మట్టి గట్టిగానే కనిపించింది. (ఎరువులమ్మేవాడికి నేల సంగతి తెలియదా అని మీరడగొచ్చు. తరువాత అందరూ అడిగారు.) నాలుగో అడుగుకి మోకాళ్ల దాకా, ఇంకో అడుగుకి తొడల దాకా దిగిపోయాను.

అరవబోయి ఆగాను. కదలని నన్ను పాతిన గుంజ అనుకున్నాయేమో, పిట్టలు మళ్లీ వచ్చి నా చుట్టూ వాలాయి. ఒకటి చేయి చాస్తే అందేంత దగ్గర నిలబడి, నల్లటి కంటితో నన్ను చూసింది. ఊపిరి తీయడానికి భయమేసింది. అంత అందం అంత దగ్గరికి రావడం నా జీవితంలో అదే మొదటిసారి.

"ఒరేయ్ అబ్బాయ్, ఏందిరా అక్కడ నిలబడ్డావ్?" గట్టు మీద గేదెలు కాస్తున్న ఒక పెద్దమ్మ కేకేసింది. పిట్టలన్నీ లేచిపోయాయి.

"పిట్టల్ని చూస్తన్నా పెద్దమ్మా."

"ఎండలు ముదిరితే అయ్యి ఎల్లిపోతయ్‌లే. నువ్వే యాడికీ పోయేట్టు లేవు. పడుకో!"

"ఏంది?"

"బోర్లా పడుకోరా! నిలబడేకొద్దీ ఇంకా దిగుతావ్. పడుకుని పాకు!"

పడుకున్నాను. పాకాను. చొక్కా కూడా పోయింది. చివరికి ఆమె గేదె పలుపు విసిరి ఒడ్డుకి లాగింది.

పిల్లవాళ్లింట్లో నాలుగు బిందెలు గుమ్మరించుకుని, తడి బట్టలతోనే చాప మీద కూర్చున్నాను. "ఏమైంది బాబూ?" అని పిల్ల తండ్రి ఒక్క మాట అడిగాడు, పాపం. ఇక అందుకున్నాను. ఆ పరుగు, ఆ మెరుపు, ఆ కన్ను, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాను. ఎవరో తెచ్చి ఎదురుగా పెట్టిన కాఫీ చల్లారింది. మామయ్య రెండుసార్లు దగ్గాడు. తిరుగు బస్సులో ఆయన "ఏరా, పిల్ల నచ్చిందా?" అని అడిగినప్పుడు గానీ నాకు తట్టలేదు. నేను పిల్లను చూడనే లేదు.

వారానికి కబురొచ్చింది. "నా వంక ఒక్కసారి కూడా చూడనోడు నాకెందుకు?" అందట ఆ అమ్మాయి. న్యాయమే. అయినా నెల రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ పిడికెడు పిట్టలు హిమాలయాలు దాటి ఎక్కడో ఉత్తరాన చలిదేశాలకు పోతాయని చాలా ఏళ్లకు తెలిసింది. నేను రెండు మైళ్లు శుభ్రంగా పోలేకపోయాను. ఇప్పుడా బురద కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. నన్ను నేను అంతగా మరిచిపోవడం మళ్లీ నాకు చేతకాలేదు.