జున్ను కుర్చీతో ఆత్మకూరికి

ఉదయగిరిలో ఆరున్నర బస్సు ఎక్కేటప్పటికి మా దగ్గర మూడు సంచులు ఉండాయి. ఒకదాంట్లో పెరుగన్నం, నీళ్ల సీసా. ఒకదాంట్లో డాక్టరు కాయితాలు. మూడోది బియ్యం సంచి, దాంట్లో మా పాప కూర్చునే పచ్చ ప్లాస్టిక్ కుర్చీ, నడిమధ్య గుంట ఉండేది. కండక్టరు ఆ సంచిని తట్టి ఇదేందమ్మా అన్నాడు. మా అత్త ఏ మొహమాటమూ లేకుండా "మా పాప సింహాసనం నాయనా" అనింది. ఆధార్ కార్డులు చూపిస్తే ఆడోళ్లకి టికెట్ డబ్బుల్లేవు. జున్నుకి ఇంకా మూడేళ్లు నిండలా, దానికి టికెట్టే అక్కర్లేదు.

జున్ను నా కూతురు. నడక వచ్చిందగ్గర్నుంచీ దాని కడుపు కుదురుగా లేదు. పొట్ట ఉబ్బి, కాళ్లు పుల్లల్లాగా అయిపోయినాయి. కుర్చీ మీద కూర్చోబెడితే చాలు, ఏడ్చి లేచిపోయేది, తర్వాత నిలబడినచోటే దొడ్డికి అయిపోయేది. మొండిపిల్ల, రెండు తగిలిస్తే అదే నేర్చుకుంటాదని వీధిలో అందరూ అనేవాళ్లే. మా వైపు కడుపు చెడితే అన్నం ఆపి బ్రెడ్డు, రస్కు పాలల్లో ముంచి పెడతాం. పత్యమంటే అదే. మా అత్త పొద్దూ సాయంత్రం అదే పెట్టింది, ప్రేమగానే పెట్టింది. పెట్టేకొద్దీ బిడ్డ నీరసపడిపోయింది.

పోయిన తూరి ఆత్మకూరులో పిల్లల డాక్టరు చూసి, సీలియాక్ అనే జబ్బు కావచ్చు అన్నాడు. గోధుమలో ఉండే ఒక పదార్థం కొందరి పేగులకి పడదంట. రక్తపరీక్ష రాసిచ్చినాడు. ఆ పొద్దు ల్యాబు మూసేసినారు. ఇంటికి వచ్చి ఈ సంగతి లారీ మీదున్న మా ఆయనకి ఫోన్‌లో చెప్తే, ఇంకేముంది, గోధుమది ఏదీ ఇంట్లో ఉండకూడదన్నాడు. బ్రెడ్డు, బిస్కెట్లు, సేమియా, రవ్వ అన్నీ ఎత్తేసినాం. జున్నుకి ఒకటే పాఠం చెప్పినాం: బిస్కెట్ తింటే పొట్ట నొప్పి.

కొన్ని వారాలకి పొట్ట తగ్గింది. బుగ్గలొచ్చినాయి. ఒకపొద్దు అదే వచ్చి నా కొంగు పట్టుకుని "అమ్మా, కక్క" అనింది. కుర్చీ మీద కూర్చుని, అయినాక లేచి చప్పట్లు కొట్టుకుంది. మా అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. దానికి తుడిచేదానికని చించి పెట్టుకున్న పాత గుడ్డలన్నీ ఉతికి, మూటగట్టి అటక మీద పడేసింది. ఇక వీటితో పని లేదు అనింది. బిడ్డ బాగైపోయినాక పరీక్షకి తొందరేముందిలే అని మేమూ జాగు చేసినాం.

ఈ దారిన పొయ్యేవాళ్లకి ఒక మాట. పొద్దున బస్సులో మర్రిపాడు దాకా ఎండ ఎడమపక్కే కొడతాది, కుడివైపు సీట్లు పట్టుకోండి. ఉదయగిరి కొండ వెనక్కి పోతానే చెట్లు తగ్గిపోయి, గొర్రెలమందలు, లారీలు, ఎండిన చేలు మొదలవుతాయి. మర్రిపాడు ఇంకా రాకముందే జున్ను నా చెవిలో "కక్క" అనింది. కండక్టరుకి చెప్తే విసుక్కోకుండా బెల్లు కొట్టినాడు. రోడ్డు దిగి, తుమ్మచెట్టు వెనకాల కుర్చీ వేసినా. బస్సంతా మాకోసం ఆగింది. పని అయినాక జున్ను చప్పట్లు కొట్టింది, కిటికీలోంచి ఎవరో కూడా కొట్టినారు.

ఎక్కినాక ముందు సీట్లో పెద్దావిడ, కలువాయికి పొయ్యే ఆమె, వెనక్కి తిరిగింది. "ఎంత బుద్ధి తల్లీ నీకు, మా మనవడు ఇంత పెద్దోడైనా చెప్పడు" అని సంచిలోంచి బిస్కెట్ తీసి ఇచ్చింది. జున్ను చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "వద్దు. పొట్ట నొప్పి" అనింది. ఆమె ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం గర్వంతో ఒళ్లు పొంగింది, అబద్ధమెందుకు.

తొమ్మిదికి ఆత్మకూరులో దిగినాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తినేసి, పదికల్లా డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఆయన జున్నుని తూకమేసి, పొట్ట నొక్కి చూసి, బాగా తేరుకుందే అన్నాడు. మా అత్త ముందుకి జరిగి, గోధుమ పొట్టు కూడా ఇంట్లో లేకుండా చేసేసినాం సార్, అని చెప్పింది. ఆయన రాసేది ఆపినాడు.

"పరీక్ష కాకముందే మానిపించేసినారా?" అన్నాడు.

తర్వాత మెల్లిగా చెప్పినాడు. ఆ జబ్బు గుర్తు రక్తంలో కనపడాలంటే బిడ్డ గోధుమ తింటా ఉండాలంట. మానేసినాక జబ్బు ఉన్నా పరీక్షలో లేదని రావచ్చంట. చానామంది ఇదే పని చేస్తారమ్మా, అన్నాడు. ఇప్పుడు కొన్ని వారాలు రోజూ గోధుమ పెట్టి, మళ్లీ తీసుకొస్తే రక్తం తీస్తామన్నాడు. మరీ ఇబ్బంది పడితే వెంటనే ఆపి ఫోన్ చెయ్యమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "బాగైంది కదా సార్. ఇంక ఆ పరీక్షతో ఏం పని?" అని గట్టిగానే అడిగినా.

"బాగైంది గోధుమ మానినందుకా, ఇంకో కారణమా, మనకి తెలీదు. సీలియాక్ అయితే చిటికెడు కూడా తగలకూడదు, బతికినంతకాలం. కాకపోతే ఆ కట్టడి దానికెందుకు? రేపు స్కూల్లో, పెళ్లిలో, ఏది తినాలో అదే తేల్చుకోవాల కదా. ఊహ మీద ఎట్ల బతుకుతాది?" అన్నాడు. ఆయన చెప్పింది నిజం, అందుకే ఇంకా కోపమొచ్చింది.

అన్నం తిని మూడింటి బస్సు ఎక్కేలోపల బంకు కొట్లో బిస్కెట్ పొట్లం కొన్నా. ఇంటికి పోతే ధైర్యం చాలదని నాకు తెలుసు. మా అత్త దాన్ని ముట్టుకోలా. "అమ్మే, నా చేత్తో నేను పెట్టలేను. ఇన్నాళ్లూ పెట్టి చేసింది చాలు" అనింది. నువ్వు చేసిందేముంది అత్తా, ఊరంతా పెట్టేదే నువ్వూ పెట్టినావు, అని చెప్పినా. ఆమె కిటికీ పక్కకి తిరిగింది.

బస్సు కదిలినాక పొట్లం విప్పి ఒక బిస్కెట్ జున్ను ముందు పెట్టినా. అది నా మొహం చూసింది.

"వద్దు. పొట్ట నొప్పి."

"ఎవరు చెప్పినారు?"

"అమ్మ చెప్పింది."

ఇంత చిన్న బిడ్డకి రక్తమూ పరీక్షా ఏమని చెప్పాలి? "అవును, అమ్మే చెప్పింది. ఇప్పుడు తినమని కూడా అమ్మే చెప్తా ఉండాది" అన్నా. అది కాసేపు ఆలోచించి నోరు తెరిచింది. నేను పెట్టేదే కాబట్టి తెరిచింది. ఒక ముక్క కొరికి, మిగిలింది నా నోట్లో పెట్టింది. తర్వాత పొట్లంలోంచి ఇంకోటి తీసి అవ్వకి అందించింది. మా అత్త దాన్ని చేతిలో పట్టుకుని చానాసేపు అట్నే కూర్చుంది. ఆఖరికి తినింది.

నాలాగా పిల్లల్ని తీసుకుని ఈ దారిన పొయ్యే అమ్మలకి చెప్పదలిచింది ఒకటే. పరీక్ష రాసిచ్చినాక, రక్తం ఇవ్వకముందే తిండి మార్చాలంటే డాక్టరుని ఒక మాట అడగండి. మేం అడగలా. మర్రిపాడు దాటినాక జున్ను నా ఒళ్లో పడి నిద్రపోయింది. రేపో మాపో దానికి మళ్లీ నొప్పి వస్తాది, మళ్లీ చెప్పేలోపలే అయిపోతాది, చప్పట్లుండవు. అప్పుడు దాన్ని ఎవరూ ఒక మాట కూడా అనకూడదని, వీధిలో ఎవరన్నా అంటే ఊరుకునేది లేదని గట్టిగా అనుకున్నా.

ఉదయగిరి కొండ కనపడేటప్పటికి పొద్దు వాలిపోతా ఉండింది. మా అత్త కుర్చీ సంచిని తన కాళ్ల దగ్గరికి లాక్కుని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"పొయ్యినాక స్టూలు పట్టుకో అమ్మే. అటక మీద గుడ్డల మూట దించుతా" అనింది.