హ్యాండ్‌బ్రేక్ బాబాయ్

బండి ఆపందే నోరు విప్పడు. విప్పాడా, ఇక మూయడు. హ్యాండ్‌బ్రేక్ బాబాయ్ గురించి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు గానీ, ఇక్కడితో వదిలేస్తే పాపం కంట్రోలమ్మ పడ్డ పాట్లు మీకు తెలియకుండా పోతాయి.

హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు ఉతికిచ్చే కంపెనీ అది. మాసినవి తేవడానికీ ఉతికినవి ఇవ్వడానికీ వ్యాన్లు తిరుగుతుంటాయి. వ్యానుకో వైర్‌లెస్ సెట్టు. ఆఫీసులో, ఇస్త్రీ ఆవిరి కొట్టే గది పక్కనే మైకు ముందు కూర్చుని, ఎవరెక్కడికి వెళ్ళాలో చెప్పే ఆవిడే కంట్రోలమ్మ. మిగతా డ్రైవర్లు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మైకు పట్టుకుని "ఆఁ, చెప్పక్కా" అనేస్తారు. బాబాయ్ దగ్గర ఆ పప్పులుడకవు.

"బాబాయ్, వినిపిస్తోందా?"

ఉలుకూ పలుకూ ఉండదు.

"బాబాయ్!"

ఆయన ఇండికేటరు వెయ్యాలి, బండి పక్కకి తియ్యాలి, హ్యాండ్‌బ్రేకు లాగాలి, ఇంజను ఆపాలి, గొంతు సవరించుకోవాలి. ఈలోగా కంట్రోలమ్మ టీ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించేది.

"ఇప్పుడు చెప్పమ్మా."

"బ్యాంకు పక్క సందులోకి తిరగమందామని పిలిచాను బాబాయ్."

"అయ్యో తల్లీ, అది దాటొచ్చేశానే!"

ఓసారి ఇలాగే ఆపబోయి, బండి పెట్టకూడని చోట పెట్టాడు. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి జరిమానా రాశాడు. మాట్లాడుతూ బండి నడిపి జరిమానా కట్టినవాళ్ళు ఊరంతా ఉన్నారు. మాట్లాడ్డానికి బండి ఆపి కట్టినవాడు మాత్రం మా బాబాయ్ ఒక్కడే.

యజమానికి ఒళ్ళు మండిపోయింది. ఆయన బాబాయ్ కన్నా చాలా చిన్నవాడు, పట్టుదల మాత్రం పెద్దది. పనిగట్టుకుని వకీలు దగ్గరికెళ్ళి అడిగొచ్చాడు.

"చూడు బాబాయ్, చేతిలో ఫోను పట్టుకుని నడపొద్దంది చట్టం. వైర్‌లెస్ సెట్టుకి మినహాయింపు ఉందన్నాడు వకీలు. తెలిసిందా?"

"మంచిది బాబూ. ఆ మినహాయింపు సంగతి కరెంటు స్తంభానికి ఎవరు చెప్తారు?"

"అజాగ్రత్తగా నడిపితేనే కేసు!"

"చేతిలో మైకు, చెవిలో మీ కేక. ఇంకా జాగ్రత్త ఎక్కడ మిగుల్తుంది బాబూ?"

యజమాని పళ్ళు నూరుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక నోరు విప్పాక జరిగే భాగోతం వేరు. ఆ సెట్లలో ఒకరు బటను నొక్కి పట్టుకుంటే మిగతా అందరి నోళ్ళూ కట్టేసినట్టే. వినాల్సిందే తప్ప ఒక్క మాట అనడానికి వీల్లేదు. బాబాయ్ ఎవరూ పిలవకుండానే ఉన్నట్టుండి అందుకునేవాడు. "కంట్రోలమ్మా, మీ పిన్ని మోకాలికి ఎవరో తైలం చెప్పారమ్మా. సరే అని బజారుకెళ్ళానా..." అంటూ మొదలెట్టి, బజారులో కనిపించిన ప్రతి కొట్టూ ఎక్కి దిగి, సరిగ్గా తైలం కొట్టు దగ్గరికి రాగానే "సరేనమ్మా, ఉంటాను" అని ఆపేసేవాడు. పిన్నికి నొప్పి ఏ కాల్లోనో డ్రైవర్లందరికీ కంఠతా వచ్చు. తగ్గిందో లేదో ఒక్కడికీ తెలియదు.

వానాకాలంలో ఓ రోజు కొంప మునిగింది. బాబాయ్ వేళకి రాలేదనీ, గదుల్లో అతిథులు ఉత్త పరుపుల మీద కూర్చున్నారనీ ఒక హోటలు నుంచి ఫోనొచ్చింది.

"ఇంక నా వల్ల కాదు. సాయంత్రం రాగానే రేపట్నుంచి రావద్దని చెప్పెయ్" అని కంట్రోలమ్మతో అనేసి, హోటలు వాళ్ళని బతిమాలుకోవడానికి యజమాని కారెక్కాడు.

బాబాయ్‌ని కంట్రోలమ్మ తిట్టుకోని రోజు లేదు. కానీ కొత్తలో దారి తప్పు చెప్పినందుకు డ్రైవర్లందరూ గయ్యిమన్నప్పుడు, "తొందరేం లేదమ్మా, నిదానంగా చూసి చెప్పు" అన్నది ఆయనొక్కడే. ఈ వయసులో ఆయనకి ఎవరు పనిస్తారు? ఆ ముసలి జంట ఏం తిని బతుకుతుంది? ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే తడిసి ముద్దయి లోపలికొచ్చాడు ఇంకో డ్రైవరు. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడతాడని అందరూ అతన్ని కంగారు అంటారు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"అక్కా, ఆయన వేళకి వెళ్ళకపోవడం నా వల్లే."

"నీ వల్లేంటి?"

"పొద్దున ఏటి మీది ఇరుకు వంతెన దగ్గర నేను 'వంతెన ఎక్కుతున్నా' అన్నాను కదా. అయ్యగారు మైకు లాక్కుని నన్ను దులిపేయడం మొదలెట్టారు. జవాబు చెప్దామని మైకు అందుకోబోతే బండి పక్కకి జారింది. అయ్యగారు ఊపిరి పీల్చుకున్నారో లేదో బాబాయ్ అందుకున్నాడు. ఆయన మాట్లాడుతుంటే నేను జవాబివ్వక్కర్లేదుగా! రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని వంతెన దిగేశా."

"అంటే ఆ మోకాలు, తైలం..."

"అన్నీ అంతే. ఎవరు వంతెన ఎక్కినా ఆయన బండి పక్కకి తీసి కాచుకుని ఉంటాడు. వంతెన మీద పిలవొద్దని సెట్లోనే చెప్పొచ్చుగా అని అడిగితే, 'నీకు నడపడం రాదని నలుగురూ వినేలా అనడం కన్నా మీ పిన్ని మోకాలు నయం కదరా' అన్నాడు."

కంట్రోలమ్మ నోరు తెరిచేలోగా సెట్టు గరగరలాడింది. యజమాని. కారులోనూ ఓ సెట్టు ఉంది మరి.

"వంతెన ఎక్కుతున్నా, వాన దంచేస్తోంది. బాబాయ్‌కి చెప్పావా లేదా? సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పు, పని నుంచి తీసేశానని! ఏంటీ, మాట్లాడవేం?"

ఆ మాట అన్ని వ్యాన్లలోనూ వినిపించి ఉంటుంది. బాబాయ్ వ్యానులోనూ.

సెట్టు గొంతు సవరించుకుంది.

"కంట్రోలమ్మా! రాత్రి మా ఇంట్లో దొంగ పడ్డాడమ్మా. కిటికీ చువ్వ వంచి కాలు లోపల పెట్టాడా, మీ పిన్ని చూసి నన్ను లేపుతుందా, నేను లేస్తానా! లేవనే! ఇంక చేసేది లేక ఆవిడే దొంగతో 'నాయనా, ఆ చెంబిలా అందుకో, నాకు మోకాలు నొప్పి' అంది..."

బాబాయ్ దొంగని చెంబు దగ్గర నిలబెట్టి, ఇల్లంతా వర్ణించి, పిన్ని చేత దొంగకి బుద్ధులు చెప్పించి, సరిగ్గా దొంగ ఏదో అనబోయేసరికి "సరేనమ్మా, ఉంటాను" అన్నాడు. ఆ తర్వాత సెట్టులో యజమాని గొంతు వినిపించలేదు.

సాయంత్రం యజమాని వచ్చేసరికి కంట్రోలమ్మ వంతెన సంగతంతా ఆయన ముందు గుమ్మరించింది. అంతలో బాబాయ్ వ్యాను లోపల పెట్టి, తాళం చెవి బల్ల మీద పెట్టాడు.

"నిన్ను తీసేశానన్నది విన్నావా బాబాయ్?"

"విన్నాను బాబూ."

"విని కూడా ఎందుకయ్యా ఆ కథ?"

"వానలో వంతెన మీదున్నారు కదా. ముందు మీరు క్షేమంగా దిగాలి, నా ఉద్యోగానిదేముంది!"

యజమాని తాళం చెవి తీసి బాబాయ్ జేబులో వేశాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"అది సరే... ఇంతకీ ఆ దొంగ చెంబు అందించాడా?"