తెల్ల పడుగు మీద మార్గళి పొగ

ముందే చెప్పేస్తున్నాను, నేను కాస్త పెంచి చెబుతాను. కాస్త అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే అంటుంది మా ఆవిడ. నేను పిల్లి వచ్చిందంటే ఆమె ఎలుక వచ్చిందనుకొని తలుపు వేస్తుంది. మీరూ ఆ కొలతతోనే చదవండి. ఏది కల్పించానో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

నేనుండేది తిరుత్తణిలో, ఉద్యోగం తిరువళ్లూరులో. తెల్లచొక్కా వేసుకొని రోజూ రైల్లో వెళ్లి వస్తాను. గాలి ఎంత పాడైందో చెప్పడానికి పట్నంలో యంత్రాలు పెట్టారట. నాకు నా కాలరు చాలు. వానలు పడే ఐప్పసి నెలలో అది సాయంత్రం దాకా మల్లెపువ్వులా ఉంటుంది. చిత్తిరై ఎండల్లో కంకర లారీల దుమ్ముకు ఎర్రబడుతుంది, దులిపితే పావు బస్తా మన్ను రాలుతుంది. ఆడి నెలలో గాలే గాలి. ఆడి కృత్తిక తిరునాళ్లకు మా గుడి కొండ కింద ఆగిన బస్సులన్నీ ఒక్కసారే పొగ వదిలినా, ఆ గాలి దాన్ని ఊత్తుకోట దాటించి ఆంధ్రాకు అప్పగించి వస్తుంది.

అసలు కష్టం మార్గళిలో. ధనుర్మాసాన్ని మేము అలాగే అంటాం. చలికి మనుషులకే కాదు, పొగకూ లేవబుద్ధి కాదు. రాత్రి లారీలు వదిలింది, తెల్లారి చెత్తకుప్పలు కాల్చింది, అంతా నేల మీదే ముసుగుతన్ని పడుకుంటుంది. ఎండెక్కాక మెల్లగా లేస్తుంది. మధ్యాహ్నానికి కొండ కనిపిస్తుంది. పొద్దు గూకాక మళ్లీ పక్క వేసుకుంటుంది. మా రైలు వేళ తప్పుతుందేమో గానీ ఈ పొగ తప్పదు.

మా బావ, అంటే అక్క మొగుడు, మగ్గం నేస్తాడు. ఏడాది పొడుగునా గళ్ల లుంగీలే. నీలం, మెరూన్. వాటి మీద ఎంత మసి పడ్డా కొత్త రంగు అనుకొని కొనుక్కుపోతారు. పోయిన మార్గళిలో మాత్రం ఆయన తెల్లచీర ఒప్పుకున్నాడు. అక్క దగ్గర ఏళ్ల తరబడి నూలు కండెలు చుట్టే ఆవిడ కూతురికి పెళ్లి. వాళ్లు క్రైస్తవులు, పెళ్లికూతురు తెల్లచీర కట్టుకోవాలి. ఆ పిల్ల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, కావాలంటే పట్టు కొనుక్కోగలదు. "మా అమ్మ చుట్టిన నూలు, మామ నేసిన చీర. ఇంకోటి వద్దు," అని కూర్చుంది.

చీరకు నిలువు పోగులు పడుగు. మగ్గం ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఎండ ముదిరితే గంజి గబగబా ఆరి పోగులు తెగుతాయి. అందుకని తెల్లవారుజామునే మొదలుపెడతారు. సరిగ్గా పొగ పడుకునే వేళ, పడుకునే చోట.

ముందురోజు సాయంత్రం నా కాలరు తిప్పి చూపించాను.

"బావా, తెల్ల పడుగు. రేపు మద్దేనం వెయ్యి."

"రైల్లో కిటికీ పక్కన కూచోని నేర్చినావా ఈ పని? మద్దేనం వేస్తే పోగులు అప్పళాల మాదిరి పటపటమంటాయి. మా తాతా విడికాలమే వేసినాడు, మా నాయనా విడికాలమే వేసినాడు."

అన్నట్టే విడికాలం, తెల్లారకముందే వేశాడు. రోడ్డు మలుపులో ఎవరో ప్లాస్టిక్ కుప్పకు నిప్పు పెట్టారు. తడి గంజి ఆ మసిని బెల్లం చీమల్ని పట్టినట్టు పట్టేసింది. ఎండ వచ్చి చూస్తే, ఇంటివైపు కొస పాలు, రోడ్డువైపు కొస గాడిద.

"వాళ్లు తెల్లచీర అడిగినారా, బూడిద చీర అడిగినారా?" అంది అక్క. బావ కుంచె కింద పెట్టలేదు, దువ్వనూ లేదు.

అంతలో కండెల బుట్టతో పెళ్లికూతురి తల్లే వచ్చింది. పడుగు పక్కనే ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూసింది.

"పరవాలేదులే అన్నా. ఉతికితే పోతాది గదా?"

"పోదమ్మా. ప్లాస్టిక్ పొగ. గంజిలో ఊరి కూచుండాది."

"ఏ మొగం పెట్టుకొని పాపను చూసేది నేను," అందావిడ, బుట్ట దించకుండానే.

ఇక బావ నా మాట విన్నాడు. మిగిలిన నూలుతో ఇంకో పడుగు పోసి, మధ్యాహ్నం గాలి తేటపడ్డాక వీధిలో పరిచాడు. పోగులు తెగకుండా నీడ కావాలి కదా. వీధివీధంతా గొడుగులు తెచ్చింది. కే.జీ.కండిగై నుంచి సంతకు వచ్చినవాళ్లు కూడా ఆగి పట్టుకున్నారు. పై నుంచి చూసిన కాకులు ఊరికి పైకప్పు వేశారనుకొని పళ్లిపట్టుకు వలస పోయాయి. ఒక్క పోగు తెగలేదు. చీర వెన్నెలలా వచ్చింది.

మాటిచ్చాను కాబట్టి చెబుతున్నాను. గొడుగుల మధ్యాహ్నం నేను కల్పించిందే. మిగిలిన నూలు లేదు, రెండో పడుగూ లేదు. బావ ఆ పడుగునే మగ్గానికి ఎక్కించాడు. గాడిద రంగు కొస నడుముకు దోపుకునే లోపలి చెంగుకు వచ్చేట్టు, పాల రంగు కొస పైటకు వచ్చేట్టు తిప్పి నేశాడు. పిల్లకు ముందే చెప్పేశారు. ఆమె ఆ కొసను వేళ్లతో తడిమి, "లోపలికి పోయేదే గదా మామా, అవ్వళవుదాన్," అందట, ఇంతేగా అన్నట్టు.

చర్చిలో అందరూ పైటను చూస్తుంటే నేను మాత్రం కుచ్చిళ్ల దగ్గర బూడిద రంగు తొంగిచూస్తుందేమోనని వెతుకుతున్నాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "యాడ చూస్తా ఉండావు?"

ఎక్కడా కనబడలేదు. ఇది పెంచి చెప్పడం కాదు. ఇప్పుడు మార్గళి మళ్లీ వచ్చింది. రైలు దిగి వీధిలోకి వస్తుంటే బావ మగ్గం దగ్గర నుంచే పిలుస్తున్నాడు, "రా అబ్బా, కాలరు చూపీ."