ఇంకోసారమ్మ దొర్లించిన చక్రం

చుట్టాలకి చెప్పి ఒప్పించలేని ఉద్యోగాలు లోకంలో కొన్నుంటాయి. సొరంగంలో గాలి కొలిచేవాడు, గంటల మోత సరిగ్గా ఉందో లేదో వినేవాడు, ఇలాంటివాళ్లు ఊరూరా తగులుతారు. ట్రాము కంపెనీలో ఇంకోసారమ్మ కొలువు ఆ కోవలోదే. కంప్యూటర్లో ఒక ఇనప పట్టా, దాని మీద ఒక ఇనప చక్రం పెట్టి, దొర్లించి, పట్టా ఎంత నలిగిందో చూడటం ఆవిడ పని. ఎవరు జవాబడిగినా "ఇంకోసారి దొర్లించి చెప్తా" అనేది. పేరు అలా అంటుకుంది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

చక్రం పట్టాని ఆనేది బొటనవేలి గోరంత మేర. దాని మీద పడే బరువంతా ఆ గోరంత చోటే మోయాలి. చక్రం దాటిపోయాక ఇనుము మళ్లీ లేస్తుంది గానీ పూర్తిగా లేవదు. కంటికి ఆననంత జరిగి ఉండిపోతుంది. ఒక్కోచోట నాలుగు దెబ్బలు తిన్న మనిషిలా రాటుదేలి, ఇక కదలనంటుంది. ఒక్కోచోట చక్రం చక్రానికీ జరుగుతూనే పోయి, చివరికి పగులుతుంది. ఏ పట్టాది ఏ తీరో ముందే చెప్పాలి.

పెళ్లయ్యాక ఆగిపోయిన చదువు ఆవిడ మళ్లీ మొదలుపెట్టిందంటే అది అత్తగారి చలవే. అత్తగారు ఇంట్లో బట్టలు కుట్టేది. "ఇద్దరం పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చుంటే కొట్టుకు చస్తాం, దీన్ని కాలేజీకి తోలరా" అని కొడుకుతో అందిట. అనడమే కాదు, చంటి మనవరాల్ని ఒళ్లో వేసుకుని మిషను తొక్కింది. ఈ మధ్య చూపు తగ్గింది. కోడలు రోజూ ఆఫీసుకి వెళ్లేముందు ఆవిడకి సూదుల్లో దారాలెక్కించి పెట్టి వెళ్తుంది. ఆ ఇంట్లో కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు లేదు, సూదులే చెప్పేవి.

ఆ ఏడు ఆసుపత్రి మలుపులో పట్టాలు మార్చాలా వద్దా అన్న తగువొచ్చింది. ఇంకోసారమ్మ లెక్కలో ఇనుము కుదురుకుంది, మార్చక్కర్లేదని తేలింది. ఆవిడ పై అధికారిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఆ లెక్క పట్టుకుని మీటింగులో మిగతావాళ్ల నోళ్లు మూయించాడు. మలుపుకని తెచ్చిన పట్టాలు ఇంకో దారికి పంపేయడానికి లారీ కూడా మాట్లాడేశారు. ఆ మలుపులో రోజూ ట్రాము నడిపేది ఎవరో కాదు, ఇంకోసారమ్మ మొగుడే.

ఆ సాయంత్రం అత్తగారు అంచు మడుస్తూ, ఇవాళ ఎన్ని చక్రాలు దొర్లాయని అలవాటుగా అడిగింది. లెక్కలేనన్ని అంది కోడలు. మరి ఇనుమేమంటోంది? ఏమీ అనడంలేదు, కుదురుకుందంది.

"ఎన్ని చక్రాలెక్కి తొక్కినా కిక్కురుమనదా? దాని నోరు నువ్వే కుట్టేశావేమోనే."

అత్తగారు ఆ మాట నవ్వుతూనే అంది. కోడలికి మాత్రం అది గుచ్చుకుంది. కాస్త లొంగి, గట్టిపడి, ఆగిపోవాలన్న నియమాన్ని ఇనుముకి రాసిపెట్టింది తనే. లెక్క త్వరగా తెమలాలని సూటి దారి కోసం రాసుకున్న నియమం అది. అక్కడ అది చెల్లుతుంది. చక్రాలు పక్కకి ఒరుసుకుంటూ పోయే మలుపుకీ దాన్నే తగిలించింది. ఆ నియమంతో యుగాంతం దాకా దొర్లించినా ఇనుము ఆగాననే అంటుంది, వేరే మాట దానికి నేర్పలేదు.

పొద్దున్నే నియమం మార్చి దొర్లించింది. ఇనుము ఆగలేదు. నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్లింది. తన కొలువు సంగతి సరే, ఆయన పరువు కూడా తన లెక్క మీదే ఉంది.

"సార్, మలుపు లెక్క తప్పు. సూటి దారి నియమమే దానికీ వాడాను."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకోసారి దొర్లించావా?"

"దొర్లించాను సార్. జరుగుతూనే ఉంది."

ఆయన ఫోనెత్తి, పట్టాల ఇంజనీరుని పిలిచి, లారీ ఆపమన్నాడు. "మా లెక్క తప్పిందయ్యా. మలుపు మార్చాల్సిందే. అందాకా ట్రాముల్ని నత్తనడకన పోనివ్వు." తప్పెవరిదని అవతల అడిగినట్టున్నారు. "చెప్పానుగా, మా లెక్క," అని పెట్టేశాడు. ఇటు తిరిగి ఎలా పట్టుకున్నావని అడిగాడు. విన్నాక, అత్తగారికి నమస్కారాలు చెప్పమని, మిగతా మలుపులన్నీ కూడా చూడమని పంపించేశాడు. తిట్లకి సిద్ధపడి వెళ్లిన మనిషికి వరండాలోకి వచ్చాక కళ్లు చెమర్చాయి.

పట్టాలు మార్చేదాకా మొగుడి గోల వినాలి. "నడిచిపోతే ముందు చేరేవాళ్లమని అందరూ నన్నే తిడుతున్నారు. ఎవడి ఆర్డరని అడుగుతున్నారు, ఏం చెప్పను?"

"మా అమ్మ ఆర్డరని చెప్పు," అంది అత్తగారు, పళ్ల మధ్య దారం పట్టుకుని.

పట్టాలు మార్చాక, పాత పట్టా ముక్క కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపులో చూస్తే, పైపొరలో ఇనప రేణువులు దువ్విన జుట్టులా ఒకవైపే ఒరిగి ఉన్నాయి. వాటి కింద సన్నటి చీలికలు అప్పుడే మొదలయ్యాయి. పెద్దాయన ఆ ముక్కని కాగితంలో చుట్టి, ఇంటికి పట్టుకెళ్లమన్నాడు.

ఇప్పుడది అత్తగారి బల్ల మీద ఉంది. కత్తిరించేటప్పుడు గుడ్డ జరక్కుండా దాన్ని బరువు పెడుతుంది. "నీ ఇనుము ఇప్పుడు కుదురుకుందే," అంటుంది. కోడలు పొద్దున వెళ్లేముందు ఇంకో సూదికి కూడా దారం ఎక్కించి పెడుతుంది.