అంజమ్మ పిన్ని చీర, వట్టివేరు నూనె

రెండేళ్ల క్రితం మిరపకోతల కాలంలో ఆ వార్త నాకు మొదట తెచ్చింది పాలకేంద్రం మరియమ్మక్క. "ఏమే, కోటయ్య బాబాయి చీర కట్టాడంట, ఎల్లి చూడు" అంటూ గుమ్మంలోనే నవ్వింది.

నూజెండ్ల దగ్గర మా పెరట్లో నేను వట్టివేరు నూనె తీస్తాను. ఇంట్లో నాన్న నేర్పిన పని. వేళ్లు కడిగి, తరిగి, నానబెట్టి, ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లార్చి నూనె వేరుచేయడమే డిస్టిలేషన్. బస్తాడు వేళ్లకు వచ్చేది చిన్న సీసాడే. చిక్కగా, తొలకరికి తడిసిన మట్టి వాసనతో ఉంటుంది. అత్తరు పనివాళ్లు దీన్ని బేస్ నోట్ అంటారు, మిగతా వాసనలు పోయాక కూడా నిలిచేదని. మనసు నెమ్మదించడానికి వాడతారు. నేరుగా పూయకూడదు, నువ్వుల నూనెలో కొన్ని చుక్కలు కలపాలి. తాగకూడదు.

అంజమ్మ పిన్ని ఏళ్లుగా దాన్ని పొద్దున్నే మోకాళ్లకు రాసుకుని పాలు పితికేది. అప్పుడు మోకాలి ఆపరేషన్‌కని గుంటూరు ఆసుపత్రిలో ఉంది. ఆమె గేదె ఇంకెవరినీ దగ్గరకు రానివ్వదు. ఇలాంటప్పుడు మా వైపు మగవాళ్లు భార్య చీర కట్టుకుని పాలు పితకడానికి కూర్చుంటారు. పిన్ని భర్త కోటయ్య బాబాయీ అదే చేశాడు. గేదె బకెట్ తన్నేసింది.

మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. "పొదుగు రాయైందమ్మా. మీ పిన్నికి తెలిసి, ఆపరేషనూ వద్దు ఏమీ వద్దు, రేపే బస్సెక్కుతానంటంది."

"ఏ చీర కట్టావు బాబాయ్?"

"బీరువాలోంచి మంచిదే తీశా."

కలరా ఉండల వాసన నాదాకా వచ్చింది. "గేదెకు పట్టుచీరతో పనేంది? దానికి పిన్ని వాసన కావాలి."

నూనె పిన్నికి కలిపినట్టే కలిపి, ఆయన చేతులకు రాయించి, ఆమె పాత చీర కట్టుకోమని, దాని కొంగుకూ అద్ది, సాయంత్రం వెంట వెళ్లాను. గేదె తల తిప్పి కొంగు వాసన చూసింది. ఈసారి తన్నలేదు. తర్వాత పాలు చేపింది.

పిన్నికి ఫోన్ కలిపి బకెట్ పక్కన పెట్టమని బాబాయి నాకు సైగ చేశాడు. పాలధార చప్పుడు అవతల పిన్ని వింటూ ఉండిపోయింది.

"సరే, చేయించుకుంటాలే. ఆ పట్టుచీర మాత్రం మడత పెట్టు" అంది.

నెమ్మది వేరులోనే ఉందనుకునేదాన్ని. వాసన వెంట నమ్మిన మనిషి కూడా వస్తుందని ఆ సాయంత్రం తెలిసింది. నాకీ పనిచ్చిన దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పిన్ని ఇప్పుడు చక్కగా నడుస్తోంది. వచ్చే నెల రెండో మోకాలికి ఆపరేషన్. మీ ప్రార్థనలో అంజమ్మ పిన్నిని ఒకసారి తలచుకోండి. గేదె సంగతి బాబాయి చూసుకుంటాడు.